కొలతకు లోటు లేని దేశం

పానీయానికి, పళ్లెంలోని పదార్థానికి కొలతలు నిర్ణయించడంలో ఆంగ్లేయులు చూపిన శ్రద్ధలో పదో వంతు రుచిపై చూపి ఉంటే వారి పబ్బుకు ఇంత గాంభీర్యం అబ్బేది కాదని నా నిశ్చితాభిప్రాయం.

బీరునే తీసుకోండి. పింటు అంటే 568 మిల్లీలీటర్లని చట్టం శాసిస్తుంది, గ్లాసుపై అధికారిక ముద్ర దానికి సాక్ష్యం చెబుతుంది. పింటులో మూడింట రెండు వంతుల కొలతలో బీరు పోసేందుకు అనుమతి రావడానికి 2011 దాకా ఆగవలసి వచ్చింది. పీపాలోనే మరోసారి పులిసే ‘ఏలు’ అనే సంప్రదాయ బీరును నేలమాళిగలో దాదాపు 12 డిగ్రీల వద్ద ఉంచి, చేతిపంపుతో పైకి లాగి పోస్తారు. బుడగలు బహు స్వల్పం. మంచులో ముంచి తీసిన సీసాకు అలవాటుపడిన హైదరాబాదీ మొదటి గుక్కకే ఫ్రిజ్ పాడైందా అని వాకబు చేస్తే, అది అపచారం. పెద్ద కంపెనీలు గ్యాసు ఎక్కించిన బీరుతో ఈ ఏలును మూలకు నెట్టేస్తుంటే, 1971లో నలుగురు మిత్రులు దాని రక్షణకు ఉద్యమం లేవదీశారు. మనకు స్వాతంత్ర్యం ఇవ్వడానికి దశాబ్దాలపాటు మీనమేషాలు లెక్కపెట్టిన జాతి, బీరులో బుడగలు పెరిగేసరికి వెంటనే నడుం బిగించడం గమనార్హం.

ఇక ‘ప్లౌమన్స్ లంచ్’, అనగా నాగలి పట్టినవాడి భోజనం. చెక్కపలక మీద చెడ్డర్ చీజు దిమ్మ, బ్రెడ్డు ముక్క, వెనిగర్‌లో ఊరిన చిన్న ఉల్లిపాయ, మిరపకాయ జాడైనా లేని తియ్యటి ముదురురంగు పచ్చడి వస్తాయి. వీటిని చూసి తాతముత్తాతల కాలం గుర్తుకు రావాలి. రొట్టె, చీజు, బీరు కలిపి పుచ్చుకోవడం పాత అలవాటే, కాదనను. కానీ యుద్ధకాలపు చీజు రేషన్ 1954లో ముగిశాక అమ్మకాలు పెంచుకోవడానికి చీజు వ్యాపారుల సంస్థ, 1960లలో పాల మార్కెటింగ్ బోర్డు చేసిన ప్రచారంతోనే ఈ పళ్లెం పబ్బుల్లో పాతుకుపోయింది. ఏ బోర్డూ చెప్పకుండానే చద్దన్నంలో పచ్చి ఉల్లిపాయ నంజుకున్న మన రైతు ప్రచారం లేకనే వెనకబడ్డాడని ఇప్పుడు తేలిపోయింది. అన్నిటినీ కొలిచే ఆ దేశం సంప్రదాయపు వయసును మాత్రం కొలవకుండా వదిలేయడం దాని పెద్దమనసు.

మాంసం పక్కన వడ్డించే, పిండిని పొంగించి కాల్చిన పుడ్డింగుకు ఆ మినహాయింపు దొరకలేదు. ఎత్తు 4 అంగుళాలకు తగ్గితే అది యార్క్‌షైర్ పుడ్డింగే కాదని 2008లో సాక్షాత్తూ రాయల్ సొసైటీ ఆఫ్ కెమిస్ట్రీ తేల్చింది. కనుక ఆదివారం రోస్ట్ అనే కాల్చిన మాంసం భోజనానికి వెళ్లే తెలుగువారు జేబులో స్కేలు పెట్టుకుని వెళ్లడం శ్రేయస్కరం. కారప్పొడి పొట్లం ఎలాగూ ఉంటుంది.