మెత్తటి మనసున్న డీఓపీ గారికి

అయ్యా డీఓపీ గారూ,

నమస్కారం. మీ అసలు పేరు డై టూ ఇథైల్ హెక్సైల్ థాలేట్ అనీ, సైంటిస్టులు ముద్దుగా డీఈహెచ్‌పీ అంటారనీ తెలుసు గానీ, ప్లాస్టిక్‌ని మెత్తబరిచే ద్రవంగా డ్రమ్ముల లెక్కన మిమ్మల్ని కొనేవాళ్ళూ అమ్మేవాళ్ళూ డీఓపీ అనే అంటారు కాబట్టి నేనూ అదే అంటున్నా, ఏమనుకోకండి.

ముందు మీ గొప్ప చెప్పేసి తర్వాత తిట్లకి వస్తా. పీవీసీ ప్లాస్టిక్ పుట్టుకతోనే మొండిది, బోరులోకి దించే పైపులాగా కట్టెలా ఉంటది. మీరెళ్ళి దాని అణువుల గొలుసుల మధ్యలో దూరి కూర్చుంటారు, అంతే, అదే పీవీసీ మొక్కలకి నీళ్ళు పట్టే పైపు అవుద్ది, ఆటో సీటు రెక్సిన్ అవుద్ది, వానకోటు అవుద్ది, కరెంటు వైరు మీద తొడుగు అవుద్ది, సెంటర్లో నాయకుడి పుట్టినరోజుకి కట్టే ఫ్లెక్సీ కూడా అవుద్ది. 2022 ఆగస్టులో విశాఖలో అప్పటి ముఖ్యమంత్రి జగన్ గారు ప్లాస్టిక్ ఫ్లెక్సీలు ఇక బ్యాన్ అని ప్రకటించారు గుర్తుందా, ఆ వార్త విని మీకు నవ్వొచ్చుంటది.

మీతో గొడవ ఎక్కడంటే, మీరు అగ్రిమెంటు లేకుండా అద్దెకి దిగే మనిషి టైపు. పీవీసీకీ మీకూ మధ్య కెమికల్ బాండ్ అనేదే లేదు. కాస్త వేడి తగిలినా, ఎక్కడన్నా నూనో కొవ్వో కనపడినా చెప్పాపెట్టకుండా సామాన్లు సర్దేస్తారు. పాత వానకోటు మడత దగ్గర టప్‌మని చీలిందంటే మీరు ఖాళీ చేసి చాలా కాలమైందని అర్థం. మా పిల్లోడి జామెట్రీ బాక్స్‌లో పీవీసీతో చేసిన చెరిపే రబ్బరు, ప్లాస్టిక్ స్కేలు వేసవి సెలవులంతా ఒకదానికొకటి ఆనుకుని పడున్నాయి, బళ్ళు తెరిచాక తీస్తే రెండూ అతుక్కుపోయున్నాయి, గట్టిగా లాగితే స్కేలు మీద ఏడో అంకె నుంచి తొమ్మిది దాకా కరిగి గుంట పడిపోయింది. అది మీరో మీ తమ్ముడో నాకు తెలీదు, పని మాత్రం మీ ఇంటిదే.

స్కేలు పోతే పోయింది, మా ఒంట్లోకి కూడా వస్తారు కదా. వచ్చాక ఎంఈహెచ్‌పీ అని వేషం మారుస్తారు, చాలావరకు ఒకటి రెండు రోజుల్లో యూరిన్‌లో వెళ్ళిపోతారు కూడా, నిజమే, కానీ వెళ్ళినోళ్ళ వెనకే కొత్తోళ్ళు దిగుతుంటే ఇల్లు ఎప్పుడు ఖాళీ అయినట్టు? కడుపుతో ఉన్న ఎలుకలకి మిమ్మల్ని పడితే పుట్టిన మగ పిల్లల్లో టెస్టోస్టిరాన్ పడిపోయి వృషణాలు సరిగ్గా ఎదగలేదు. మనుషుల్లో ఎంత అనేదాని మీద ఇంకా వాదన నడుస్తోంది గానీ, సంతానశక్తిని దెబ్బతీసేదని యూరప్ వాళ్ళు మీకు ముద్ర కొట్టేశారు. క్యాన్సర్ సంగతిలో మాత్రం మీ పలుకుబడికి దండం పెట్టాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ కింద క్యాన్సర్ కారకాల్ని తేల్చే ఐఏఆర్‌సీ వాళ్ళు మొదట అనుమానితుల లిస్టులో పెట్టారు, 2000లో అబ్బే ఎలుకల్లో జరిగింది మనుషులకి వర్తించదులే అని తీసేశారు, 2011లో మళ్ళీ పెట్టారు.

తైవాన్ ముచ్చట కూడా చెప్పుకోవాలి. 2011లో అక్కడ పానీయాలు చిక్కగా, మబ్బుగా కనపడేందుకు కలిపే మందులో పామాయిల్ బదులు చవగ్గా వస్తారని మిమ్మల్నే కలిపేశారు, స్పోర్ట్స్ డ్రింకులు, జ్యూస్‌లు, జామ్‌లు, ఒకటేమిటి. పైపులోంచి కారే శ్రమ కూడా లేకుండా డైరెక్టుగా గ్లాసులోకే.

ఇక రూల్స్ దగ్గరికి వద్దాం, నాకు కాలేది ఇక్కడే. చంటిపిల్లలు నోట్లో పెట్టుకునే బొమ్మల్లో మీరు ఉండకూడదని యూరప్ 1999లో తాత్కాలికంగా, 2005లో శాశ్వతంగా చెప్పింది, అమెరికా 2008లో చెప్పింది, మన దగ్గర 2021 నుంచి బొమ్మలకి బీఐఎస్ మార్కు తప్పనిసరి, లిమిట్ 0.1 శాతం. బాగుంది. అదే పిల్ల నెల తక్కువ పుట్టి పసికందుల ఐసీయూ (ఎన్‌ఐసీయూ)లో ఉంటే, ముక్కులో గొట్టం, చేతికి సెలైన్ గొట్టం, పీవీసీవైతే వాటిలో మీరు 30, 40 శాతం దాకా ఉండొచ్చు! ఎర్ర రబ్బరు ఏనుగు బొమ్మ నుంచి కాపాడి రక్తంలోకి వెళ్ళే దారి మాత్రం తెరిచి పెట్టారు. మగ శిశువులకి ఇది మంచిది కాదు, వేరేవి దొరికితే వాడండి అని అమెరికాలో మందుల్నీ వైద్య పరికరాల్నీ నియంత్రించే ఎఫ్‌డీఏ 2002లోనే డాక్టర్లకి చెప్పింది. ప్యాక్లిటాక్సెల్ అనే క్యాన్సర్ మందు అయితే మిమ్మల్ని గొట్టంలోంచి మరీ లాగేస్తది, అందుకే దాన్ని మీరున్న పీవీసీ సంచిలో పెట్టొద్దని లేబుల్ మీదే రాస్తారు.

తిట్టడానికి నోరు తెరిస్తే రక్తం సంచి అడ్డొస్తది మళ్ళీ. సంచిలోంచి రక్తంలోకి మీరు కారితే ఎర్ర కణాల పొర గట్టిపడి, అవి పగిలిపోకుండా 42 రోజుల దాకా నిలవుంటాయట. మీ దొంగతనమే అక్కడ సేవ! అందుకే 2024లో కాలిఫోర్నియా వాళ్ళు 2030 నుంచి సెలైన్ సంచుల్లో మీరొద్దని చట్టం చేసినా రక్తం సంచి జోలికి పోలేదు, యూరప్ కూడా వైద్య పరికరాల్లో మీ గడువుని 2030 జులై దాకా పొడిగించింది. గడువు పొడిగించుకోవడంలో మన కాంట్రాక్టర్లు మీ దగ్గర ట్యూషన్ చెప్పించుకోవాలి.

నాది ఒక్కటే కోరిక. మీరు లేని రబ్బరు ప్యాకెట్ మీద థాలేట్ ఫ్రీ అని పెద్దక్షరాలతో రాసుకుంటున్నారు, మీరున్న పైపు మీద, చెప్పు మీద, రెక్సిన్ మీద మీ పేరు ఎక్కడా కనపడదు. లేని చోట బోర్డు, ఉన్న చోట మౌనం. ఇదేం పద్ధతండీ? ఇంత సేవ చేస్తున్నవారు, కాస్త పేరు వేయించుకోండి.

ఇట్లు,
మీరు అడక్కుండానే దిగిన ఇంటి ఓనరు

తా.క.: ఈ లేఖ జిరాక్స్ తీయించి ట్రాన్స్‌పరెంట్ కవర్‌లో పెట్టా. మొన్న తీస్తే మొదటి పేజీ అక్షరాలు సగం కవర్‌కే అంటుకుని ఉండిపోయాయి. అంటే ఆ పేజీ మీకు అందినట్టే లెక్క, రెండోది పోస్టులో పంపుతున్నా.