చికాగో టూరు బోటు గారికి, మెడ పట్టేసిన ప్రయాణికుడు రాసుకున్న విన్నపం

శ్రీయుత టూరు బోటు గారికి,

ఉభయకుశలోపరి. తమరు క్షేమంగానే ఉన్నారని మా అమ్మాయి ఫోనులోని ఫొటోలు చెబుతున్నాయి. ఇక్కడ నా మెడ తప్ప అందరం కులాసా. మొన్న శనివారం తమరి పైడెక్కు మీద గంటన్నర కూర్చుని వచ్చినప్పటి నుంచి అది కుడివైపుకు తిరగనని మొరాయిస్తోంది. ఎడమవైపుకైతే తిరుగుతుంది. కానీ మా ఆవిడ కూర్చునేది ఎప్పుడూ నాకు కుడివైపే. పిలిస్తే పలకడం లేదని ఇంట్లో కొత్త గొడవ.

తమరి టికెట్టు ధర మా అమ్మాయి నాకు చెప్పలేదు. చెబితే నిమిషానికి ఎంత పడిందో లెక్క కడతానని దాని భయం. కాబట్టి ఈ ఉత్తరం డబ్బు సంగతి కాదు. పైడెక్కు మీద గోరంత నీడ లేని సంగతీ కాదు. ఎక్కేముందు మమ్మల్ని వరసగా నిలబెట్టి ఫొటో తీసి, దిగేటప్పుడు దాన్ని అట్టలో పెట్టి మాకే అమ్మిన సంగతీ కాదు. (ఆ ఫొటోలో నా కళ్లు మూసుకుని ఉన్నాయి. అయినా కొన్నారు.) నా ఫిర్యాదల్లా ఒక్కటే. నదిలో తిప్పుతామని ఎక్కించుకుని, తమరు నది తప్ప అన్నీ చూపించారు.

బోటు కదలగానే గైడమ్మ మైకు అందుకుంది. మంచి పిల్ల, గొంతు ఖంగుమంటోంది. "ఎడమవైపు చూడండి" అంటే బోటెడు మెడలు ఎడమవైపుకు తిరిగాయి. "ఇప్పుడు కుడివైపు" అంటే కుడివైపుకు తిరిగాయి. ఈలోగా "పైకి". రిగ్లీ బిల్డింగు, ట్రిబ్యూన్ టవరు, 1930లో కట్టినప్పుడు ప్రపంచంలో అంత విశాలమైన భవనం ఇంకోటి లేదనిపించుకున్న మర్చండైజ్ మార్ట్. ఏది ఏ ఏడాదిది, ఎవరు గీశారు, ఆయనకు ఎవరంటే పడేది కాదు, అన్నీ వల్లించింది. ట్రిబ్యూన్ టవరు గోడల్లో ప్రపంచంలోని పేరున్న కట్టడాల రాళ్లు పొదిగారనీ, వాటిలో తాజ్ మహల్ ముక్క కూడా ఉందనీ చెప్పగానే మా ఆవిడ లేచి నిలబడి వెతికింది. అంత దూరం నుంచి ఏం కనిపిస్తుంది? "అడిగే తెచ్చుకున్నారంటావా?" అంది కూర్చుంటూ. గైడమ్మ అప్పటికే కుడివైపుకు వెళ్లిపోయింది.

తర్వాత మొక్కజొన్న పొత్తుల్లాంటి జంట టవర్లు వచ్చాయి, మరీనా సిటీ. కింది పంతొమ్మిది అంతస్తుల్లోనూ కార్లే. గోడలు లేవు, కార్లన్నీ అంచుకు వచ్చి నది వైపు చూస్తూ నిలబడ్డాయి. ఆ పూట నదిని తీరిగ్గా చూసినవి అవొక్కటే అనుకుంటా.

అప్పుడడిగాను మా అల్లుణ్ని, "ఈ నీళ్లు ఎటు పోతున్నాయి బాబూ?" అని. "సరస్సులోంచి ఊళ్లోకి మామయ్యా" అన్నాడు. నది సరస్సులో కలవాలి గానీ సరస్సులోంచి బయల్దేరడమేమిటి? గైడమ్మ ఈ సంగతి చెప్పిందట, ఒకే ఒక్క వాక్యంలో, రెండు అద్దాల మేడల మధ్య. ఆ సమయానికి మేం వంతెన కింద ఉన్నాం. ఇనప జాలీ మీద కార్లు గర్రుమంటుంటే ఆ వాక్యం నాకు వినపడలేదు.

అయ్యా, మిగతా కథ ఇంటికొచ్చాక అల్లుడి దగ్గర కూర్చుని రాబట్టాను. ఈ ఊరు తాగేది మిషిగన్ సరస్సు నీళ్లు. మురుగు వదిలేది నదిలోకి. ఆ నది వెళ్లి కలిసేది మళ్లీ ఆ సరస్సులోనే. మంచినీళ్ల బిందెలో చెయ్యి కడుక్కున్నట్టన్నమాట. జబ్బులు వచ్చాయి, జనం పోయారు. చివరికి వీళ్లు 28 మైళ్ల కాలువ తవ్వి, 1900 జనవరిలో నదినే వెనక్కి తిప్పేశారు. సరస్సులోకి పోయే నది సరస్సుకు వీపు పెట్టి, మురుగంతా మోసుకుని మిసిసిపీ దారి పట్టింది. మన వాకిలి ఊడ్చి చెత్తంతా పక్కింటి గుమ్మం ముందు పోయడమంటే ఇదే. ఆ పక్కిల్లు మిసిసిపీ ఒడ్డునున్న సెయింట్ లూయిస్. వాళ్ల మిస్సోరీ రాష్ట్రం సుప్రీం కోర్టుకెక్కింది. మీ జబ్బులు ఈ మురుగు వల్లే వచ్చాయని రుజువు కాలేదంటూ కోర్టు 1906లో కొట్టేసింది.

ఒక నదిని ఎదురు నడిపించిన ఊరు ఇది. ఆ పనికి ఒక వాక్యం, ఒక అద్దాల డబ్బాకు నాలుగు నిమిషాలా? ఆ మేడల్లో ఉన్నవాళ్లు గ్లాసుడు నీళ్లు ధైర్యంగా తాగుతున్నారంటే తమరి అడుగునున్న ఈ నీళ్ల చలవే కదా.

నదికి కూడా చూడాలని ఉండదా? 1992 ఏప్రిల్ 13న అదే చేసింది. అంతకుముందు కిన్జీ వీధి వంతెన దగ్గర నది అడుగున స్తంభాలు దిగ్గొట్టినప్పుడు, కింద ఉన్న పాత సరుకు రవాణా సొరంగానికి దెబ్బ తగిలింది. ఆ రోజు అది తెగి నది లోపలికి దూరింది. రోడ్ల మీద చుక్క నీరు లేదు. డౌన్‌టౌన్ భవనాల సెల్లార్లలో మాత్రం చేపలు తిరిగాయి. కన్నం పూడ్చడానికి లారీల కొద్దీ రాళ్లు వేశారు, సిమెంటు పోశారు, ఆఖరికి పాత పరుపులు కూడా కుక్కారు. నాకైతే అది నది చేసిన సైట్ సీయింగ్ అనిపించింది. ఇన్నేళ్లుగా మీరు నా మీద తిరిగి చూస్తున్నారు, ఒకసారి నేనూ మీ ఇళ్ల అడుగున తిరిగి చూసొస్తాను అన్నట్టు. ఎడమవైపు చూడండి అనే గైడు కూడా లేకుండా.

ఆ కిన్జీ వంతెన దగ్గరే 2004 ఆగస్టులో తమరి బంధువర్గంలోని ఒక టూరు బోటుకు పట్టిన గతి తమరికి తెలిసే ఉంటుంది. ఒక సంగీత బృందం బస్సు డ్రైవరు వంతెన మీద టాయిలెట్ ట్యాంకు విప్పేశాడు. వంతెనకు ఇనప జాలీ. కింద సరిగ్గా ఆర్కిటెక్చర్ టూరు. సుమారు 800 పౌండ్లు. అందరూ పైకి చూస్తూ ఉండే టూరు కదా! ఇక దాని గురించి రాయను, భోజనాల వేళయింది.

గైడమ్మ గొంతు ఒక్కచోట మాత్రం తగ్గింది. క్లార్క్, లాసాల్ వీధుల మధ్య. 1915 జులై 24 ఉదయం ఈస్ట్‌ల్యాండ్ అనే ఓడ అక్కడ గట్టుకు కట్టి ఉండగానే పక్కకు ఒరిగి పడిపోయింది. ఫ్యాక్టరీ పనివాళ్లు, వాళ్ల భార్యాపిల్లలు, అందరూ పిక్నిక్‌కని బయల్దేరినవాళ్లు. 844 మంది పోయారు. నీళ్లు అక్కడ ఇరవై అడుగుల లోతే. టైటానిక్ తర్వాత భద్రత కోసమని ఎక్కించిన అదనపు లైఫ్ బోట్ల బరువు కూడా పైన ఉందట. గైడమ్మ ఇది చెబుతున్నప్పుడు నేను చుట్టూ చూశాను. మేమందరం ఫోన్లు పట్టుకుని ఒకే వైపుకు వంగి ఉన్నాం. "ఇప్పుడు కుడివైపు" అంది. తిరిగాం.

తమరు చూపించనివి ఇంకా ఉన్నాయి. దక్షిణాన కబేళాల వ్యర్థాలు మురిగి బుడగలు లేచిన పాయ ఒకటుంది, పేరే బబ్లీ క్రీక్. అంత దూరం పోకుండానే తమరు వెనక్కి తిరిగారు. ఏటా మార్చిలో ఐరిష్ వాళ్ల సెయింట్ పాట్రిక్ పండక్కి నదికి పచ్చరంగు వేస్తారే, అది 1962లో మొదలైందట. మురుగు ఎవరు వదులుతున్నారో పట్టుకోవడానికి ప్లంబర్లు వాడే రంగు నుంచి పుట్టింది ఆ వేడుక. దొంగను పట్టే రంగు పండగ రంగయింది. 2025 సెప్టెంబరులో ఇదే నదిలో కొన్ని వందల మంది ఈత పోటీకి దిగారు, తొంభై ఏళ్ల పైచిలుకు తర్వాత మొదటిసారి. నదికి వచ్చిన ఈ మంచిరోజుల గురించైనా మైకులో నాలుగు మాటలు చెప్పించకూడదూ?

వచ్చే శనివారం మా వియ్యపురాలు వస్తున్నారు. ఆవిడకు కూడా తమరిని చూపించాలట, టికెట్లు కొనేశారు. నేను రానంటే బాగుండదు. అందుకని ఈ విన్నపం: కింది డెక్కులో, నీళ్లకు దగ్గరగా, కిటికీ పక్క సీటు ఒకటి అట్టే పెట్టండి. ఆ సీటు ఎడమ అంచునైతే మరీ మంచిది.

ఇట్లు,
పైడెక్కు మూడో వరసలో కూర్చున్న,
ఫొటోలో కళ్లు మూసుకున్న మనిషి