ఎఫ్/1.8 పాచిక ఆర్కే బీచ్‌లో పారదు

"ఔట్‌డోర్ పోర్ట్రెయిట్‌కి కళ్లు మూసుకుని ఎఫ్/1.8 పెట్టేయండి. వెనక ఎంత బ్లరైతే ఫొటో అంత ప్రొఫెషనల్. కిట్ లెన్స్‌తో ఆ బ్లర్ రానే రాదు." విశాఖలో ప్రీవెడ్డింగ్ షూట్లు మొదలుపెట్టే కుర్రాళ్ల ఫోన్లలో చక్కర్లు కొడుతున్న సలహా ఇది. (ఎఫ్ నంబర్ తగ్గేకొద్దీ లెన్స్ ఎక్కువ తెరుచుకుంటుంది. కెమెరాతో పాటు అమ్మే లెన్సే కిట్ లెన్స్.) మూడు మాటలూ తప్పే.

మొదటిది, ఎప్పుడూ ఎఫ్/1.8 అనడం. ఎండ లెక్క చూడండి. నిండు ఎండలో ఐఎస్ఓ (వెలుతురుకు కెమెరా స్పందించే స్థాయి) 100, ఎఫ్/16 పెడితే షట్టర్ సుమారు 1/100 సెకను ఉండాలి. అక్కణ్నుంచి ఎఫ్/1.8కి తెరిస్తే ఆరు స్టాపులకు పైగా (ఒక్కో స్టాపుకి రెట్టింపు) వెలుతురు ఎక్కువవుతుంది, షట్టర్ 1/8000 దాకా పరిగెత్తాలి. చాలా ఎంట్రీ లెవెల్ డీఎస్‌ఎల్‌ఆర్‌లు 1/4000 దగ్గరే ఆగిపోతాయి. దానికి తోడు ఇసుక, అలల నురగ వెలుతురును ఎదురు కొడతాయి. ఫొటోలో పెళ్లికొడుకు తెల్ల చొక్కా వెలుతురు ఎక్కువై ఒకసారి కాలిపోయిందంటే ఎడిటింగ్‌లో ఎంత లాగినా మడతలు తిరిగి రావు. తెరిచే తీయాలంటే వెలుతురును మూడు స్టాపులు తగ్గించే ఎన్‌డీ8 ఫిల్టర్ లెన్స్ ముందు బిగించండి, షట్టర్ 1/1000కి దిగుతుంది. మొహం మీది నీడ తీయడానికి ఫ్లాష్ కూడా వాడితే చిక్కు ఇంకా పెద్దది. మామూలు సింక్ (ఫ్లాష్‌తో వాడగలిగే అత్యంత వేగమైన షట్టర్) 1/200 దగ్గర ఉంటుంది కాబట్టి ఫిల్టర్ లేకపోతే ఎఫ్/11, ఎన్‌డీ8 ఉంటే ఎఫ్/4. అంతకన్నా వేగమైన షట్టర్‌తోనూ పనిచేసే హై స్పీడ్ సింక్ ఉన్న ఫ్లాష్ అయితే తప్ప అంతకన్నా తెరవలేరు.

ఇక ఫోకస్ సంగతి. క్రాప్ సెన్సర్ (చిన్న సైజు సెన్సర్) కెమెరాకి 50 ఎం.ఎం. లెన్స్ పెట్టి, 2 మీటర్ల దూరంలో ఉన్న మనిషిని ఎఫ్/1.8లో తీస్తే షార్ప్‌గా పడే మందం సుమారు 11 సెంటీమీటర్లు. ఒకటిన్నర మీటర్లకు దగ్గరైతే 6. తల కాస్త పక్కకు తిప్పితే దగ్గరి కన్ను నిలుస్తుంది, దూరపు కన్ను మెత్తబడుతుంది. సముద్రపు గాలికి ఎగిరే పైట సర్దుకుంటూ అమ్మాయి ఆ దగ్గరి దూరంలో నాలుగు సెంటీమీటర్లు ముందుకు ఒరిగినా చాలు, కళ్లు మెత్తబడిపోతాయి. మధ్య పాయింట్‌తో ఫోకస్ లాక్ చేసి కెమెరా తిప్పి ఫ్రేమ్ కట్టే అలవాటు ఇక్కడ పనికిరాదు. ఫోకస్ పాయింట్‌ను నేరుగా కంటి మీదికే జరిపి, మనిషి కదిలేకొద్దీ సర్దుకునే కంటిన్యువస్ ఫోకస్‌లో ఉంచండి. జంటకు ఎఫ్/4 పెడితే అదే 2 మీటర్లలో మందం 25 సెంటీమీటర్లు అవుతుంది. ఇద్దరి కళ్లూ కెమెరాకి ఒకే దూరంలో ఉండేలా నిలబెట్టండి. మూడు వరుసల కుటుంబం ఫొటోకి ఎఫ్/8.

కిట్ లెన్స్ మాటకొస్తే, బ్లర్‌ని ఎఫ్ నంబర్ ఒక్కటే తేల్చదు. ఫోకల్ లెంగ్త్‌ని (లెన్స్ మీద ఉండే ఎం.ఎం. అంకె) ఆ నంబర్‌తో భాగిస్తే వచ్చేది లెన్స్ తెరుచుకున్న వెడల్పు. 50 ఎం.ఎం. ఎఫ్/1.8లో అది 28 మిల్లీమీటర్లు. రెండు లెన్స్‌ల కిట్‌లో వచ్చే 55-250 జూమ్‌ని 250 దగ్గర ఎఫ్/5.6లో పెడితే 45 మిల్లీమీటర్లు! 50తో 2 మీటర్లలో తీసే ఫ్రేమ్‌నే ఈ జూమ్‌తో 10 మీటర్ల దూరానికి వెళ్లి తీయండి. దూరంగా ఉన్న కొండలు, ఓడలు ఎక్కువ కరిగిపోతాయి, మొహం మాత్రం మూడింతల మందంలో షార్ప్‌గా ఉంటుంది. షట్టర్ 1/500కి తగ్గకుండా చూసుకోవాలి, అంతే.

చిన్న లెన్సే ఉందా? మనిషిని గోడ నుంచి ముందుకు జరపండి. 50 ఎం.ఎం.తో 2 మీటర్ల నుంచి తీసేటప్పుడు, 1 మీటరు వెనక ఉన్న గోడ ఎఫ్/1.8లో ఎంత మసకబారుతుందో, 8 మీటర్ల వెనక ఉన్న గోడ ఎఫ్/4లోనే అంతకన్నా కాస్త ఎక్కువ మసకబారుతుంది. కురుసుర సబ్‌మెరైన్‌కి ఆనుకుని నిలబెట్టి బ్లర్ రాలేదంటే తప్పు లెన్స్‌ది కాదు. (ఫోన్ మీద ఎఫ్/1.8 అని రాసి ఉండటం చూసి మోసపోకండి. దాని వెడల్పు మూడు నాలుగు మిల్లీమీటర్లే. పోర్ట్రెయిట్ మోడ్ బ్లర్ సాఫ్ట్‌వేర్ పని, అందుకే గాలికి చెదిరిన వెంట్రుకల అంచులు కొరికినట్టు వస్తాయి.)

ఎక్కువ బ్లర్ అంటే ప్రొఫెషనల్ అన్న మాట మాత్రం మరీ విడ్డూరం. డాల్ఫిన్స్ నోస్ కొండ పచ్చటి మరకైపోతే, ఆ షూట్‌కి విశాఖ దాకా రావడమెందుకు? ఊరు కనబడాలంటే 18-55 కిట్ లెన్స్‌నే 24 దగ్గర ఎఫ్/8లో పెట్టి, 4 మీటర్ల దూరంలో నిలబడ్డ జంట మీద ఫోకస్ చేయండి. సుమారు 2 మీటర్ల నుంచి దిగంతం దాకా చూడదగ్గ షార్ప్‌నెస్ వస్తుంది.

అయినా ఫొటో అంతా పొగమంచులా ఉంటే ఎఫ్ నంబర్ మార్చేముందు లెన్స్ ముందుభాగం చూడండి. ఏసీ కారులోంచి తీసిన లెన్స్ మీద ఆవిరి పడుతుంది. తుడవకుండా బ్యాగులోనే ఇరవై నిమిషాలు బయటి వేడికి అలవాటు పడనివ్వండి. ఉప్పు తుంపర పడితే ముందు బ్లోయర్‌తో ఇసుక ఊది, ఆ తర్వాతే తడి గుడ్డతో తుడవాలి.