భోటి నేర్పితే తక్పా బతుకుతుందా?

2017 ఏప్రిల్‌లో దలైలామా తవాంగ్ వచ్చి వెళ్లిన కొద్ది రోజులకే, అరుణాచల్ ప్రదేశ్‌లోని ఆరు చోట్లకు చైనా తన సొంత పేర్లు ప్రకటించింది. అందులో ఒకటి ఉర్గెల్లింగ్. తవాంగ్ పట్టణానికి దగ్గర్లో ఉన్న చిన్న మఠం అది. ఆరో దలైలామా త్సాంగ్యాంగ్ గ్యాత్సో 1683లో పుట్టింది అక్కడే కాబట్టి బీజింగ్ కన్ను దాని మీద పడటంలో వింతేమీ లేదు. తర్వాత 2021, 2023, 2024, 2025ల్లోనూ ఇలాంటి జాబితాలు వచ్చాయి. వచ్చిన ప్రతిసారీ మన విదేశాంగ శాఖ కొట్టిపారేసింది, టీవీ చానళ్లు గంటలకొద్దీ చర్చలు పెట్టాయి. ఆ ఊళ్ల వాళ్లు ఇంట్లో ఏ భాష మాట్లాడుకుంటారన్న సంగతి మాత్రం ఆ చర్చల్లో నాకెప్పుడూ వినబడలేదు.

వాళ్లు మాట్లాడేది తక్పా. భూటాన్ వైపు దాక్పా అంటారు. భారత ప్రభుత్వ కాగితాల్లో అది తవాంగ్ మోన్‌పా, చైనా పుస్తకాల్లో త్సోనా మెన్‌బా. తవాంగ్ జిల్లాలో, దానికి ఉత్తరాన టిబెట్‌లోని త్సోనా ప్రాంతంలో, పశ్చిమాన భూటాన్‌లోని త్రాషిగాంగ్ జిల్లాలో కొన్ని పల్లెల్లో ఈ భాష వినిపిస్తుంది. అంటే, ఇంత చిన్న భాష మీద మూడు దేశాల సరిహద్దులు పడ్డాయి.

ముందు ఒక గందరగోళం తేల్చుకోవాలి. మోన్‌పా అన్నది తెగ పేరు. మోన్‌పాలందరికీ ఒకే భాష లేదు. పక్కనున్న పశ్చిమ కామెంగ్ జిల్లాలోని దిరాంగ్, కలాక్‌తాంగ్ మోన్‌పాలు మాట్లాడేది త్సంగ్లా. తూర్పు భూటాన్‌లో ఎక్కువ మంది భాష కూడా అదే. లిష్, చుగ్ ఊళ్ల మోన్‌పాల మాట ఈ రెండింటికీ దూరం, అది షెర్దుక్‌పెన్‌ల భాషకు చుట్టం. తవాంగ్ మోన్‌పా, కలాక్‌తాంగ్ మోన్‌పా ఎదురుపడితే ఇప్పుడు హిందీలో మాట్లాడుకుంటారు. తెగ ఒకటే కదా అని భాషనూ ఒకటిగా కట్టేయడం దగ్గరే మన లెక్కలు తప్పుతున్నాయి.

ఇంకో గందరగోళం దీనికన్నా పాతది. తక్పా టిబెటన్‌కు యాస అనుకునేవాళ్లు చాలామంది. బౌద్ధం ఒకటే, మఠాలు ఒకటే, మత గ్రంథాల లిపి ఒకటే కనుక అలా అనిపించడం సహజం. కానీ భాషావేత్తలు దీన్ని తూర్పు బోడిష్ అనే వేరే శాఖలో పెడతారు. భూటాన్‌లోని బుమ్‌తాంగ్, ఖెంగ్, కుర్తోప్, జాలా భాషలు దీని తోబుట్టువులు. టిబెటన్‌తో చుట్టరికం ఉంది కానీ దానికి పుట్టిన బిడ్డ కాదు. ఒక్క ఆధారం చెబుతాను. నాలుగు అనే అంకెను టిబెటన్‌లో ‘షి’ అంటే తక్పాలో ‘ప్లి’ అంటారు. ఆ ‘ల’ ధ్వని ఈ మొత్తం కుటుంబపు మూలభాషలోనిది. టిబెటన్ తన మొదటి రాతలు రాసుకునేనాటికే దాన్ని పోగొట్టుకుంది, తక్పా ఇప్పటికీ ఉంచుకుంది. 1853లో బ్రయన్ హాడ్జ్‌సన్ అచ్చువేసిన హిమాలయ భాషల పదపట్టికల్లోనే తక్పా ఉంది. సుమారు వందేళ్ల తర్వాత, 1954లో, రాబర్ట్ షేఫర్ దాని స్థానాన్ని విడిగా చర్చించాడు. కాబట్టి ఇది నిన్నమొన్న ఎవరో కనిపెట్టిన వాదన కాదు.

ఇక అంకెలు. 2001 జనగణనలో మోన్‌పా మాతృభాష అని చెప్పినవాళ్లు దాదాపు 56 వేల మంది. 2011లో ఆ సంఖ్య 14 వేల లోపుకు పడిపోయింది. పదేళ్లలో నాలుగింట మూడు వంతులు! యుద్ధం రాలేదు, వలస పోలేదు. ఆ 2011లోనే తవాంగ్ జిల్లా జనాభా 50 వేలకు కాస్త తక్కువ. మనుషులు ఉన్నారు, భాష పేరు మాత్రం పట్టికలోంచి జారిపోయింది. అదే పదేళ్లలో భోటియా (మఠాల టిబెటన్ అయిన భోటినీ, దాని దగ్గరి భాషలనూ లెక్కించే పేరు) అని నమోదైనవాళ్లు 81 వేల నుంచి 2 లక్షల 30 వేలకు చేరారు. హిమాలయాల పొడవునా జనం ఒక్కసారిగా మూడింతలు కాలేరు. నా అంచనా ఏమిటంటే ఇందులో పెద్ద భాగం పేరు మార్పిడే. మాతృభాష ఏమిటని అడిగితే ఇంటి మాట పేరు చెప్పాల్సిన చోట మఠం భాష పేరు చెప్పే అలవాటు పెరిగింది.

ఆ అలవాటు ఎలా వచ్చిందో చూస్తే ఎవరినీ తప్పుపట్టబుద్ధి కాదు. తవాంగ్ మఠాన్ని 1680–81లో మెరాగ్ లామా కట్టించాడు. లాసా దగ్గరి ద్రేపుంగ్ మహావిహారంతో దానికి సంబంధం ఉండేది. పన్నులు త్సోనా కోట అధికారులకు వెళ్లేవి. తవాంగ్‌ను భారత్ వైపు ఉంచుతూ 1914లో మెక్‌మహాన్ రేఖ గీసినా, మేజర్ బాబ్ ఖథింగ్ 1951 ఫిబ్రవరిలో అస్సాం రైఫిల్స్‌తో తవాంగ్ చేరేదాకా ఆ పన్నులు ఆగలేదు. ఇన్నేళ్లూ చదువు అంటే టిబెటన్, పూజ అంటే టిబెటన్, అర్జీ పెట్టుకోవాలన్నా టిబెటనే. ఈ నేల మీద పుట్టినవాళ్లలో అందరికన్నా పేరున్న మనిషి త్సాంగ్యాంగ్ గ్యాత్సో. ఆయన ప్రేమకవితలు ప్రపంచమంతా తిరిగాయి, కానీ అవి ఉన్నది టిబెటన్‌లోనే. మోన్ షుగు అనే చేతి కాగితాన్ని మోన్‌పాలు వందల ఏళ్లుగా చేస్తున్నారు. దాదాపు ఆగిపోయిన ఆ పనిని 2020 డిసెంబర్‌లో ఖాదీ కమిషన్ మళ్లీ మొదలుపెట్టింది. ఆ కాగితం మీద రాసిందీ బౌద్ధ గ్రంథాలే. కాగితం చేసినవాళ్ల భాష కాగితం మీదికి ఎక్కలేదు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. తవాంగ్, పశ్చిమ కామెంగ్ జిల్లాల బడుల్లో భోటి నేర్పుతున్నారు. భోటి అంటే టిబెటన్ లిపిలో ఉన్న శాస్త్రీయ భాష, మఠాల భాష. దీని కోసం పదమూడో త్సోనా గొంత్సే రింపోచే ఎంతో కష్టపడ్డారు. ఆయన సన్యాసే కాదు, ఎమ్మెల్యేగా, మంత్రిగా కూడా పనిచేశారు. 2014లో చనిపోయారు. భోటిని రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్‌లో చేర్చాలన్న డిమాండ్ లద్దాఖ్ నుంచి తవాంగ్ దాకా ఉంది. కేంద్ర హోంశాఖ దగ్గర చాన్నాళ్లుగా పడి ఉన్న 38 భాషల జాబితాలో భోటి ఒకటి. మన గోండి, బంజారా కూడా అదే జాబితాలో ఎదురుచూస్తున్నాయి.

ఆ డిమాండ్ వెనక లెక్క నాకు అర్థమవుతుంది. ఒక్కో లోయ ఒక్కో భాష పేరు పట్టుకుని ఢిల్లీ వెళితే ఎవరూ పట్టించుకోరు. అందరూ కలిసి భోటి అంటే లక్షల సంఖ్య కనబడుతుంది. సరిహద్దు కనుక దేశభద్రత మాట కూడా కలుస్తుంది. మత గ్రంథాలు చదవగలిగే తరం ఉండాలన్న కోరిక న్యాయమైనదే. భోటి నేర్పొద్దని నేననను. కానీ దాన్ని మాతృభాష పేరుతో నేర్పడం మీదే నా అభ్యంతరం. తక్పా ఇంట్లో పుట్టిన పిల్లకు భోటి పుస్తకం తెరవగానే అర్థమయ్యేది కాదు. అది ఆమెకు ఇంకో కొత్త భాష. మీడియం ఇంగ్లిష్, స్నేహితులతో హిందీ, వాటి పక్కన భోటి. నాలుగోదైన తక్పాకు బడిలో చోటు లేదు. పైగా మాతృభాష బోధన జరుగుతోందని ప్రభుత్వం టిక్కు పెట్టేసుకుంటుంది. రాజ్యాంగం 350ఎ అధికరణం ప్రాథమిక స్థాయిలో మాతృభాషలో చదువు అందేలా చూడమంటోంది. ఆ బాధ్యత తీరిపోయిందనుకునే వెసులుబాటు ఇక్కడ దొరుకుతోంది. హిందీ వల్ల భాష పోతోందని చెప్పడం తేలిక. ఎవరూ నొచ్చుకోరు. సొంత సంస్కృతిని కాపాడే పనే సొంత భాషను పక్కకు నెడుతోందని చెప్పడం కష్టం.

హిందీ సంగతీ చిన్నది కాదనుకోండి. 1962 యుద్ధం తర్వాత ఈ ప్రాంతమంతా సైన్యంతో నిండింది. కూలి పని, సరుకు రవాణా, దుకాణం, సినిమా అన్నీ హిందీలోనే. 2024 మార్చి 9న సేలా సొరంగం ప్రారంభమయ్యాక శీతాకాలంలోనూ దారి తెరిచి ఉంటోంది, టూరిస్టులు పెరుగుతున్నారు. హైదరాబాద్, వైజాగ్ నుంచి బైకుల మీద వెళ్లేవాళ్లకూ కొదవ లేదు. మనం అక్కడ వచ్చీరాని హిందీ మాట్లాడతాం, హోటల్ వాళ్లు హిందీలో జవాబిస్తారు. రోడ్డు వద్దని ఎవరూ అనరు, అనకూడదు కూడా. ఆసుపత్రికి వెళ్లాలన్నా ఆ దారే.

సరిహద్దు అవతల పరిస్థితి ఇంతకన్నా మెరుగ్గా లేదు. చైనా 1964లో మోన్‌పాలను మెన్‌బా అనే పేరుతో ప్రత్యేక జాతిగా గుర్తించింది. ఇప్పుడు వాళ్లు పది వేల పైచిలుకు. అందులో త్సంగ్లా మాట్లాడేవాళ్లూ కలిసే ఉన్నారు. 2006లో మెన్‌బా నాటకాన్ని జాతీయ వారసత్వ జాబితాలో చేర్చారు. వేదిక మీద పాటకు గౌరవం దక్కింది, తరగతి గదిలో మాత్రం మాండరిన్‌దే రాజ్యం. భూటాన్‌లో బడి ఇంగ్లిష్‌లో, జాతీయ భాష జోంగ్‌ఖా, తూర్పున బజారు మాట త్సంగ్లా. వీటన్నిటి కింద దాక్పా ఉంది.

మరి ఏం చేయొచ్చు? ఇక్కడ మన అనుభవం కొంచెం పనికొస్తుంది. 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో బహుభాషా విద్య పేరుతో ఎనిమిది గిరిజన భాషల్లో వాచకాలు తయారుచేశారు. సవర, కోయ, కొండ, కువి, గోండి, కొలామి, బంజారా, ఆదివాసీ ఒడియా. అన్నిటికీ వాడింది తెలుగు లిపే. పిల్లలు ఇంటి భాషలో చదువు మొదలుపెట్టి క్రమంగా తెలుగులోకి, ఇంగ్లిష్‌లోకి వెళ్లాలన్నది ఆలోచన. ఆ పథకంలో లోపాలు ఎన్నో చెప్పొచ్చు. వంతెన దాటగానే వంతెనను మరిచిపోయే స్వభావం అందులోనే ఉందన్నది పెద్ద లోపం. అయినా లిపి ఒక భాషది, మాట ఇంకో భాషది అయితే ఏమీ మునిగిపోదని అది చూపించింది. అంతకు ఎంతో ముందే పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి సవర నేర్చుకుని, సవర పిల్లలకు సవరలోనే పుస్తకాలు రాసి, సొంత ఖర్చుతో బడులు నడిపారు. తెలుగులో వాడుక భాష కోసం పోరాడిన మనిషికి ఇది వేరే పనిగా అనిపించి ఉండదు. ఏటా ఆగస్టు 29న ఆయన ఫోటోకు దండలు వేస్తాం, సవర సంగతి ఎవరమూ ఎత్తం.

తవాంగ్‌లో ఈ పని ఇంకా తేలిక. భోటి టీచర్లు ఉన్నారు, వాళ్లలో స్థానికులు ఉన్నారు, పిల్లలకు భోటి అక్షరాలు ఎలాగూ వస్తున్నాయి. అవే అక్షరాలతో మొదటి రెండు మూడు తరగతులకు తక్పా వాచకాలు రాయొచ్చు. రాసేది ఉచ్చారణకు దగ్గరగా ఉండాలి. టిబెటన్ స్పెల్లింగ్‌లో పలకని అక్షరాలు చాలా ఉంటాయి, వాటిని తక్పా నెత్తిన రుద్దక్కర్లేదు. పవిత్ర లిపిలో పల్లె మాట రాయడమేమిటని కొందరు పెద్దలు అభ్యంతరం చెప్పొచ్చు. లద్దాఖ్‌లో వాడుక భాషను రాయడం మీద అచ్చం ఇలాంటి గొడవే నడిచింది. అదే లద్దాఖ్‌లో 2025 జూన్‌లో వచ్చిన అధికార భాషల నిబంధన భోటితో పాటు కార్గిల్ వైపు మాట్లాడే పుర్గీని కూడా దాని సొంత పేరుతో చేర్చింది. పుర్గీకి టిబెటన్‌తో ఉన్న దగ్గరితనం తక్పాకు లేదు. అయినా పుర్గీని భోటిలో కలిపేసి ఊరుకోలేదు.

దీనికన్నా ముందు వచ్చేది 2027 జనగణన. మాతృభాష గడిలో తవాంగ్ వాళ్లు భోటి అంటే భోటి అనే రాస్తారు, మోన్‌పా అంటే త్సంగ్లాతో కలిపేస్తారు. తవాంగ్ మోన్‌పా అనో తక్పా అనో చెప్పమని ఊరూరా ఇప్పుడే ప్రచారం మొదలుపెట్టాలి. ఆ పనికి ఢిల్లీ అనుమతి అక్కర్లేదు. మఠం పెద్దలు, గావ్ బుఢాలు (ఊరి పెద్దలు), విద్యార్థి సంఘాలు చాలు. దేశస్థాయి భాషల పట్టికలోకి ఎక్కాలంటే కనీసం 10 వేల మంది ఆ పేరు చెప్పాలి. తవాంగ్ జిల్లాలో అంతమంది దొరకడం కష్టమేమీ కాదు.