ఒక గడి ఎక్కువ ప్రింటయ్యింది మేడం

మొన్న ఆదివారం హనుమకొండలో ఒక కోచింగ్ సెంటర్ ఎన్‌డీఏ, అంటే సైన్యంలో ఆఫీసరు కావాలనుకునే పోరగాళ్లు రాసే పరీక్షకు, మాక్ టెస్టు పెట్టింది. రాసినోడు మనవాడు. మనవాడంటే ఎవరని అడగొద్దు, మనవాడే. పొద్దున లెక్కల పేపరు: 120 ప్రశ్నలు, రెండున్నర గంటలు, 300 మార్కులు. అది ఎట్ల పోయిందో అట్లనే పోనిద్దాం. కథంతా మధ్యాహ్నం జనరల్ ఎబిలిటీ పేపరుది. 150 ప్రశ్నలు, 150 నిమిషాలు, 600 మార్కులు. ఒప్పుకు 4, తప్పుకు 1.33 కోత. వదిలేస్తే రాదు, పోదు.

ఈ చివరి ముక్క కాన్ఫిడెన్స్ సారుకు అస్సలు పడదు. లెక్కలకు ఒక సారు, ఇంగ్లిషుకు ఒక మేడం ఉన్నట్టే ఆ సెంటర్లో కాన్ఫిడెన్స్‌కు కూడా ఒక సారున్నాడు. పొద్దున ఐదున్నరకు ఆర్ట్స్ కాలేజీ గ్రౌండులో ఉరికి, చెమటలు కక్కుతున్న పోరగాళ్లను వరుసగా నిలబెట్టి, గుండె మీద చెయ్యేయించి "నాకు వస్తది" అని పదకొండుసార్లు అనిపిస్తాడు. పదకొండే ఎందుకో ఆయనకే ఎరుక. "ఇడిసిపెట్టినోడు ఓడిపోయినట్టే" అన్నది ఆయన మొదటి సూత్రం. "తప్పు నాది కాదు అనుకోవాలె, అప్పుడే ధైర్యమొస్తది" అన్నది రెండోది. రెండో సూత్రం చేసిన ఘనకార్యం ముందుంది. ఓఎంఆర్ షీటు, అంటే జవాబు గుండ్రాలు పెన్నుతో నింపే కాగితం, ఎట్ల దిద్దాలో చెప్పే క్లాసు మాత్రం టైంటేబుల్‌లో ఎంత వెతికినా దొరకదు.

దానికో పద్ధతి ఉంది మరి. ఒక పేజీ ప్రశ్నలు చేసి, పేజీ తిప్పేముందు ఆ జవాబులు దిద్దాలి. అన్నీ ఆఖర్న దిద్దుదామనుకుంటే, గుండ్రానికి నాలుగు సెకన్లేసుకున్నా 150కి పది నిమిషాలు పోతాయి, అదీ చెయ్యి వణక్కుండా ఉంటే. ప్రశ్న వదిలితే ప్రశ్నపత్రంలో దాని నంబరు చుట్టూ సున్నా చుట్టుకోవాలి. ప్రతి పది ప్రశ్నలకోసారి ఆగి పేపరు నంబరు, షీటు నంబరు కలుస్తున్నాయా చూసుకోవాలి.

మనవాడు సున్నా అయితే చుట్టాడు. 38వ ప్రశ్న, ఏదో ఇంగ్లిషు పదానికి వ్యతిరేకార్థం. పక్కన "తర్వాత" అని తెలుగులో రాసి కింద గీత కూడా గీశాడు. ఆ వెంటనే 39 జవాబును తీస్కపోయి 38 గడిలో దిద్దాడు. చెయ్యికి నంబర్లతో పనేముంది? నిండిన వరుస కింద ఖాళీ వరుస కనబడిందా, అక్కడే వాలుతుంది. అక్కడి నుంచి భౌతికశాస్త్రం, రసాయనశాస్త్రం, చరిత్ర, భూగోళం అన్నీ తలా ఒక మెట్టు పైకెక్కాయి.

139వ నిమిషంలో 150వ ప్రశ్న అయిపోయింది. పెన్ను మూత పెట్టి తల ఎత్తబోయేసరికి షీటులో ఒక గడి తెల్లగా కనబడింది.

మామూలు మనిషైతే గుండె గుభేలుమనాలి. మనవాడికి అనలేదు. పొద్దుననే కదా పదకొండుసార్లు అన్నది. ముందుగా ప్రశ్నపత్రం ఆఖరి పేజీ తిప్పాడు. 150 తర్వాత ఏం లేదు. మళ్లీ షీటు చూశాడు, గడి అట్లనే ఉంది. ఫీజులు వేలకు వేలు గుంజి జిరాక్సు షీట్లు ఇస్తే గిట్లనే ఉంటది అనుకున్నాడు. తప్పు నాది కాదు, ధైర్యమొచ్చేసింది. నిలబడ్డాడు.

"మేడం, మీ షీట్ల ఒక గడి ఎక్కువ ప్రింటయ్యింది."

రేకుల షెడ్డులో అరవై మంది ఉంటారు. అరవై తలలూ ఒక్కసారి తమ తమ షీట్ల మీదికి వంగాయి. ఎవడో వెనక నుంచి "నాకైతే సరిగ్గనే ఉంది" అన్నాడు. ఇంకొకడు కంగారులో మొదటి నుంచి లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. పాపం, వాడి పది నిమిషాలు మనవాడి ఖాతాలోకే. మేడం వచ్చింది. కళ్లద్దాలు పైకి నెట్టుకొని, పెన్ను మూతతో కింది నుంచి పైకి ఒక్కో వరుసా తడుముకుంటూ పోయింది. 149. 148. మూత టకటకమంటూ ఎక్కుతుంటే మనవాడు ఇంకా నిటారుగానే ఉన్నాడు, సైన్యానికి పోయేటోడు కదా. మూత 38 దగ్గర ఆగింది. మేడం ప్రశ్నపత్రం వెనక్కి తిప్పి, సున్నా చూసి, పక్కన రాసింది అందరికీ వినబడేటట్టు చదివింది.

"తర్వాత."

షెడ్డంతా నవ్వు.

నల్ల బాల్ పెన్నుతో దిద్దింది చెరగదు. సరైన గుండ్రం కూడా దిద్దుదామంటే, ఒక ప్రశ్నకు రెండు దిద్దితే అదీ తప్పు కిందికే, కోత కూడా తప్పదు. కొత్త షీటు ఇయ్యమంటే కాన్ఫిడెన్స్ సారు గుమ్మంలోంచే "అసలు పరీక్షల ఇస్తరా?" అన్నాడు. ఆయన నోటి నుంచి పనికొచ్చే మాట వినడం అదే మొదలు. మిగిలింది 150వ గడి ఒక్కటే. దాని జవాబు దాంట్లో దిద్దాడు. ఒప్పు.

ఒక మెట్టు పైకి జరిగిన 112 గడుల్లో గుడ్డిగా దిద్దినా నాలుగో వంతు, అంటే 28 తగలాలి. 28 నాలుగుల 112. తప్పులు 84, కోత 111.72. నికరం 0.28. మనవాడికి ఆ పాటి అదృష్టం కూడా లేదు, తగిలినవి 25. నూరు మార్కులొచ్చి 115.71 పోయాయి. మొదటి 37లో 26 ఒప్పు, 11 తప్పు, అవి 89.37. 150వది 4. మొత్తం 600కు 77.66. అవే 112 జవాబులు ఎక్కడివక్కడ దిద్దితే 71 ఒప్పులు. కోత పోను 229.47 వాటికే వచ్చేది.

ఫలితాలు గ్రూపులో పెట్టి కాన్ఫిడెన్స్ సారు రాసింది ఒక్క లైను: "కాన్ఫిడెన్స్ తక్కువైంది. రేపటి నుంచి ఇరవై రెండుసార్లు."

కాజీపేట పోయే బస్సులో మనవాడికి 38వ ప్రశ్న జవాబు తట్టింది. సి. ఇంటికొచ్చి షీటు ఫొటో తీసి చూస్తే, 38 గడిలో దిద్ది ఉన్నది కూడా సి-యే.