బరంపురం నీళ్లు, మామయ్య అడిగిన ప్రశ్న

మొన్న కార్తీక సోమవారం నాడు మా మామయ్య హింజిలికాటు నుంచి సంచీ నిండా వంకాయలు, బీరకాయలు పట్టుకుని ఒడిశాలోని మా బరంపురం వచ్చాడు. ఆ టైముకి నేను కొళాయికి గొట్టం తగిలించి వాకిలి కడుగుతున్నాను. సంచీ కింద పెట్టకుండానే కాసేపు నిలబడి చూశాడు. "కడుగమ్మా, కడుగు. మా పొలానికి రావాల్సిన ఆఖరి తడి మీ వాకిట్లోంచి మురుక్కాలవలోకి పోతోంది" అన్నాడు. నాకు చర్రున కోపం వచ్చింది. "అయితే మేం నీళ్లు తాగొద్దా మామయ్యా?" అన్నాను. "తాగొద్దని నేనన్నానా? ఏ ఏడు ఎంత తీసుకుంటారో మాతో ఒక్క మాట అనుకున్నారా అని అడుగుతున్నాను" అన్నాడు.

భోజనం చేసి సాయంత్రం బస్సుకి వెళ్లిపోయాడు. ఆయనకి నేనేం జవాబు చెప్పలేకపోయాను. వారం రోజులుగా అదే ఆలోచన. అందుకే ఇంత పొడుగు పోస్టు రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

నేను ఈ ఊళ్లోనే పుట్టి పెరిగాను. చిన్నప్పుడు మా సాహీ మొత్తానికి ఒకటే కొళాయి. (వీధిని ఇక్కడ మేం కూడా సాహీ అనే అంటాం.) అమ్మ తెల్లవారుజామున నాలుగింటికే వెళ్లి వరసలో బిందెలు పెట్టి వచ్చేది. వైశాఖం వచ్చిందంటే ట్యాంకర్ హారన్ వినపడగానే చేతిలో పని వదిలేసి పరిగెత్తేవాళ్లం. చుట్టాలు వస్తున్నారంటే అమ్మకి ఒక పక్క సంతోషం, ఇంకో పక్క టెన్షన్. ఏ బిందె వంటకి, ఏ బిందె గిన్నెలకి, ఏది స్నానాలకి అన్నది ఆవిడకి నోటి లెక్క. అందుకే ఋషికుల్య ప్రాజెక్టులోని జానిబిలి ఆనకట్ట నుంచి పైపులైను వేసి ఊరికి నీళ్లు తెచ్చినప్పుడు ఇక్కడి ఆడవాళ్లు ఎంత ఊపిరి పీల్చుకున్నారో నాకు తెలుసు. ఆ పథకం వద్దని నేను చచ్చినా అనను.

కానీ పైపు వేసేశాం కాబట్టి ముప్ఫై ఏళ్ల ప్లాను అయిపోయింది అనుకుంటున్నాం చూశారా, అక్కడే నా గొడవ.

అసలు జానిబిలి నీళ్లు ఎవరి కోసం కట్టినవో ఒకసారి గుర్తు చేసుకోవాలి. 1866 నాటి కరువులో ఒడిశాలో సుమారు పది లక్షల మంది చచ్చిపోయారు. మన గంజాం కూడా ఆ ఆకలి చూసింది. అప్పుడు మనం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్నాం, ఒడిశాలో కలిసింది 1936లో. ఆ కరువు తర్వాత ఇక పంటలు ఎండకూడదని 1880ల్లో ఋషికుల్య ప్రాజెక్టు మొదలుపెట్టి, 1900 ప్రాంతానికి పూర్తి చేశారు. భంజనగర్ దగ్గరా సొరడ దగ్గరా జలాశయాలు, జానిబిలి దగ్గర ఆనకట్ట, వాటి కింద కాలవలు. అంటే ఆకలి చావులు చూసినవాళ్లు వరి చేల కోసం నిలబెట్టుకున్న నీళ్లవి. మా మామయ్య వాళ్ల పూర్వీకులు ఆ కాలవ కిందే భూమి దున్నుకుంటూ వచ్చారు. ఆ నీళ్లలోంచి ఈ రోజు ఊరు తన వాటా తీసుకుంటోంది. తీసుకోవడం తప్పు కాదు. అడగకుండా తీసుకోవడం తప్పు.

నిజానికి ఊరికి కావాల్సింది ఎంత? కాగితం, పెన్ను పెట్టుకుని కూర్చున్నాను. 2011 జనాభా లెక్కల్లో బరంపురం కార్పొరేషన్ జనాభా 3,56,598. మురుగునీటి పైపులున్న పట్టణంలో మనిషికి రోజుకి 135 లీటర్లు ఇవ్వాలన్నది కేంద్రం పెట్టిన ప్రమాణం. ఆ లెక్కన రోజుకి 4.8 కోట్ల లీటర్లు. ఏడాదికి చూస్తే 0.62 టీఎంసీ (ఒక టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు). ఇదే నీటిని పొలాల భాషలో చెప్పుకుందాం. ఎకరం వరికి పంట కాలం మొత్తంలో నాలుగడుగుల లోతు నీళ్లు పడతాయనుకుంటే, ఊరి ఏడాది అవసరం సుమారు 3,500 ఎకరాల వరితో సమానం. ఊరు రెట్టింపు అయినా 7,000 ఎకరాలు. ఈ లెక్క చూశాక నాకే ఆశ్చర్యం వేసింది. ఇంత పెద్ద నది కింద ఇది పంచుకోలేనంత నీరు కాదు. వానలు పడిన ఏడు ఊరూ తాగుతుంది, చేనూ పండుతుంది. ఎవరికీ తేడా తెలియదు.

తేడా తెలిసేది వానలు మొహం చాటేసిన ఏడు. ఋషికుల్య మంచు కరిగి వచ్చే నది కాదు. దారింగ్‌బాడి వైపు కొండల మీద పడిన వానే దాని బతుకు, 165 కిలోమీటర్లు నడిచి గంజాం దగ్గర సముద్రంలో కలిసిపోతుంది. సెప్టెంబరు, అక్టోబరుల్లో సరిగ్గా కురవకపోతే కార్తీకంలో వరి పొట్ట మీద ఉండగా కాలవ సన్నబడుతుంది. కాలవ చివరనున్న శివారు భూములకి, అంటే మా మామయ్య లాంటివాళ్లకి, ఆ ఒక్క తడి అందదు. తాలు గింజలే మిగులుతాయి. అదే ఏడు, మిగిలిన కాస్త నీళ్లే చైత్ర వైశాఖాల దాకా ఊరి కొళాయిలకి సరిపోవాలి. రెండేళ్లకోసారి ఆ ఎండల్లోనే మన బుఢీ ఠాకురాణీ యాత్ర. మన దేవాంగుల పేటల్లో మొదలై నెల దగ్గర్లో సాగే ఆ జాతరకి ఊరంతా చుట్టాలే. అంటే చేనూ కొళాయీ ఒకే గిన్నెలో చెయ్యి పెట్టేది సరిగ్గా ఆ గిన్నె అడుగంటినప్పుడు.

అటువంటి ఏడు ఎవరు ఎంత తగ్గించుకోవాలి? ముందు ఎవరికి ఆపాలి? ఈ రెండు ప్రశ్నలకి జవాబు రాసి ఉన్న కాగితం కోసం మూడు చోట్ల తిరిగాను. పైపు ఎంత లావో, మోటారుకి ఎంత పవరో, ట్యాంకు ఎన్ని లక్షల లీటర్లో చెప్పారు. ఆ కాగితం మాత్రం ఎవరూ చూపించలేదు. ఒకాయన అయితే "ఆ సమయం వచ్చినప్పుడు చూద్దాం లెండి" అన్నారు. ఆయన మీద నాకు కోపం లేదు, మర్యాదగానే మాట్లాడారు. కానీ సమయం వచ్చినప్పుడు చూస్తే ఎవరి మాట నెగ్గుతుంది? ఊళ్లో ఓట్లు ఎక్కువ, పేపర్లవాళ్లు ఎక్కువ, ఆసుపత్రులున్నాయి, కాలేజీలున్నాయి. శివారు రైతుకి ఏముంది?

రాసుకున్నంత మాత్రాన అన్నీ సవ్యంగా జరుగుతాయని కూడా నేను అనుకోవడం లేదు. మద్రాసుకి కృష్ణా నీళ్లివ్వాలని 1983లో ఒప్పందం రాసుకున్నారు. నీళ్లు చేరింది 1996లో. ఏడాదికి 12 టీఎంసీలు చేరాలని ఉంటే, పూర్తిగా చేరిన ఏడాది దొరకడమే కష్టం. 2019 జూన్‌లో ఆ మహానగరం చుట్టూ ఉన్న నాలుగు చెరువులూ ఎండిపోయి, జూలైలో జోలార్‌పేట నుంచి రైళ్ల మీద నీళ్లు మోశారు. అంత దూరం వెళ్లక్కర్లేదు, సరిహద్దు అవతల ఆంధ్రాలోని ఇచ్ఛాపురం చూడండి. బాహుదా నదిలోంచి ఆంధ్రాకి 1.5 టీఎంసీ ఇవ్వాలని రెండు రాష్ట్రాలూ 1978లో రాసుకున్నాయి. నీళ్లు రావడం లేదని అక్కడి రైతులు ఇప్పటికీ మొత్తుకుంటూనే ఉన్నారు. అయినా వాళ్ల చేతిలో చూపించడానికి ఒక అంకె ఉంది. దాన్ని పట్టుకుని గట్టిగా అడగగలుగుతున్నారు. మా మామయ్య చేతిలో ఆ అంకె కూడా లేదు. భాషలు వేరు, రాష్ట్రాలు వేరు అయినవాళ్లు కూర్చుని రాసుకున్నారే, ఒకే జిల్లాలో ఉన్న ఊరికీ పల్లెకీ ఆ పని ఎందుకు చేతకాదు?

నేను కోరుకునేది ఇదీ. ప్రతి ఏడూ వానాకాలం పోగానే జలాశయాల్లో మట్టం చూడాలి. ఇది మంచి ఏడా, మధ్యస్తమా, కరువు ఏడా అన్నది అందరి ముందూ ప్రకటించాలి. కరువు ఏడు అయితే ముందు కోత ఊరి మీదే పడాలి: బళ్లు కడగడానికి, కట్టడాలకి, తోటలకి కొళాయి నీళ్లు బంద్. ఆ తర్వాత ఫ్యాక్టరీలకి. తాగే నీళ్లూ పశువుల నీళ్లూ చివరిదాకా ముట్టుకోకూడదు. చేలకి కోయక తప్పకపోతే ఆ కబురు రైతుకి విత్తనం కొనకముందే అందాలి. అప్పుడు రెండో పంటకి వరి మానేసి పెసలో మినుములో నువ్వులో చల్లుకుంటాడు. నారు పోశాక చెప్తే అతనికి ఏం లాభం? ఆగిపోయిన తడికి పరిహారం ఊరి నీటి పన్నులోంచి వెళ్లాలి. పన్ను కొంచెం పెరిగితే నేను కడతాను, మనస్ఫూర్తిగా చెప్తున్నాను. కాలవ నీళ్ల నిర్వహణలో రైతుల సంఘాలకి చోటిచ్చే పాణి పంచాయత్ చట్టం ఒడిశాలో 2002లోనే వచ్చింది, ఆ సంఘాలున్నాయి. ఊరి నీళ్ల మీటింగుల్లో వాళ్లకి కుర్చీ వెయ్యడానికి కొత్త చట్టం ఏమీ అక్కర్లేదు.

ఇంకోటి, మన ఊరు తన సొంత ఇంటిని సర్దుకోకుండా పక్కవాడి గాదె వైపు చూడకూడదు. పైపుల్లో కారిపోయే నీళ్లు, లెక్కలోకి రాని నీళ్లు 20 శాతం దాటకూడదని కేంద్రం ప్రమాణం పెట్టింది. మన దేశంలో చాలా ఊళ్లలో అది 40 దాకా ఉంటుంది. ఇళ్లకి 4.8 కోట్ల లీటర్లు చేరాలంటే, 40 శాతం కారిపోయే ఊరు 8 కోట్ల లీటర్లు పంపాలి. 20 శాతానికి తెస్తే 6 కోట్లు చాలు. ఆ మిగిలే 2 కోట్లు ఏడాదికి దాదాపు 1,500 ఎకరాల వరి నీళ్లు! కొత్త డ్యామ్ అక్కర్లేదు, ఎవరి నోటి దగ్గరిదీ లాక్కోనక్కర్లేదు. మన పూరీలోనే 2021లో రోజంతా నేరుగా కొళాయి నీళ్లు తాగేలా చేశారు. మీటర్లు పెట్టారు, కారే పైపులు మార్చారు. అక్కడ అయిన పని ఇక్కడ ఎందుకు కాదు?

వాడిన నీళ్లలో దాదాపు 80 శాతం మురుగుగా బయటికి వస్తుంది. దాన్ని శుద్ధి చేసి ఊరి దిగువ చేలకి ఇవ్వొచ్చు. డాబాల మీద పడే వాన సంగతి కూడా చెప్పాలి. మన దగ్గర ఏడాదికి సుమారు 1,200 మిల్లీమీటర్లు కురుస్తుంది. వంద చదరపు మీటర్ల డాబా ఉంటే లక్ష లీటర్లకి దగ్గరగా పట్టుకోవచ్చు. నలుగురున్న ఇంటికి అది దాదాపు ఆర్నెల్ల నీళ్లు. అన్నీ దాచుకోలేం, భూమిలోకి ఇంకించినా చాలు.

2013 అక్టోబరు 12న ఫైలిన్ తుఫాను వచ్చింది కదా. ఆ గాలికి స్తంభాలు పడిపోయి రోజుల తరబడి కరెంటు లేదు. మోటార్లు లేవు, ట్యాంకులు ఖాళీ. మా సాహీని కాపాడింది వెనక సందులో ఉన్న పాత బావి. ఎవరూ వాడడం మానేసిన బావి అది. చేద కూడా లేకపోతే నైలాన్ తాడుకి రంగు డబ్బా కట్టి తోడుకున్నాం. మా పక్కింటి ముసలావిడ ఆ గట్టు మీద కూర్చుని ఒక్కొక్కరికీ వంతు చెప్పేది, చంటిపిల్లల తల్లులకి ముందు. ఆ బావి ఇప్పుడు లేదు. నాలుగేళ్ల తర్వాత మట్టి పోసి పూడ్చేసి, దాని మీద స్కూటర్లు పెట్టుకుంటున్నాం. ఆ రోజు నీళ్లు తోడుకున్నవాళ్లలో మేమూ ఉన్నాం, పూడ్చినప్పుడు నోరు మెదపనివాళ్లలోనూ మేమే ఉన్నాం. రామలింగం చెరువు లాంటివి ఇంకా మిగిలున్నాయి, అదే అదృష్టం. చిన్న చెరువులు ఎన్ని ప్లాట్లయిపోయాయో పెద్దవాళ్లని అడిగితే వేళ్ల మీద లెక్కపెట్టి చెప్తారు. తుఫాను దారిలో ఉన్న ఊరు ఒక్క పైపు మీదే ప్రాణాలు పెట్టుకోకూడదు.

నదిలో ఇసుక సంగతి కూడా ఇందులో కలిపే చూడాలి. ఋషికుల్య గర్భంలో తవ్విన బావుల్లోంచి కూడా మన ఊరికి నీళ్లొస్తాయి. ఇసుకే ఆ నీటిని పట్టి ఉంచేది. అది లారీల్లో వెళ్లిపోతే ఎండాకాలం బావిలో ఏం ఊరుతుంది?

నేనైతే ఒక అర్జీ రాయడం మొదలుపెట్టాను, తెలుగులోనూ ఒడియాలోనూ. కరువు ఏడు ఎవరికి ఎంత అన్నది రాతపూర్వకంగా పెట్టమని, ఆ మీటింగుకి శివారు రైతుల్ని పిలవమని అందులో అడుగుతున్నాను. మీ సాహీలో పూడ్చేసిన బావి గానీ చెరువు గానీ ఉంటే ఎక్కడ ఉండేదో, ఏ ఏడు పూడ్చారో రాసి పంపండి, పాత ఫొటో ఉంటే ఇంకా మంచిది. అర్జీకి జత చేస్తాను. కాలవ కింద భూములున్న చుట్టాలుంటే వాళ్ల చేత కూడా సంతకం పెట్టించండి. మొదటి సంతకం కోసం వచ్చే ఆదివారం నేనే హింజిలికాటు వెళ్తున్నాను.