పన్ను కట్టేది రెండు శాతమేనా?

2024 మే 13 లోక్‌సభ పోలింగ్ దగ్గరపడేకొద్దీ మా వాట్సాప్ గ్రూపుల్లో గుడ్ మార్నింగ్ పూలు తగ్గి రాజకీయాలు పెరిగాయి. ఒక మెసేజ్ అయితే ఆ నెల రోజుల్లో నాకు నాలుగుసార్లు వచ్చింది. మొదట డాలస్‌లో ఉండే మా చిన్నాన్న కొడుకు పంపాడు. తర్వాత అపార్ట్‌మెంట్ గ్రూపులో, ఇంజనీరింగ్ బ్యాచ్ గ్రూపులో వచ్చింది. చివరికి నల్లగొండ నుంచి మా బావ కూడా పంపాడు. కింద ఒక్కోసారి ఒక్కో పెద్దమనిషి పేరు. విషయం మాత్రం ఒకటే: దేశంలో పన్ను కట్టేది రెండు శాతమే, మిగతా తొంభై ఎనిమిది శాతం వాళ్ళ కష్టం మీద బతుకుతున్నారు. ఉచితాలు తిని జనం సోమరులయ్యారు, పొలాలకు కూలీలు దొరకడం లేదు. శ్రీలంక ఇలాగే మునిగింది. కాబట్టి ఓటు హక్కు పన్ను కట్టేవాళ్ళకే ఉండాలి.

నేనూ పన్ను కట్టేవాణ్ణే, ముప్పై శాతం శ్లాబులో ఉన్నాను. ఆ మెసేజ్ నన్ను పొగుడుతున్నట్టే లెక్క. అయినా ఎవరికీ పంపలేదు.

ముందు రెండు శాతం సంగతి. అంకె అబద్ధమేం కాదు. 2022-23లో 7.40 కోట్ల మంది రిటర్నులు వేస్తే, వాళ్ళలో 5.16 కోట్ల మంది కట్టాల్సిన పన్ను సున్నా అని ప్రభుత్వమే పార్లమెంటుకు చెప్పింది. మిగిలినవాళ్ళు రెండు కోట్ల చిల్లర. 140 కోట్ల జనాభాలో రెండు శాతం కూడా రారు. ఆ 140 కోట్లలో ఉయ్యాలలో ఉన్న పిల్లలు కూడా ఉన్నారనే సంగతి అలా ఉంచుదాం. తిరకాసంతా 'ఆదాయపు పన్ను' అనాల్సిన చోట 'పన్ను' అనడంలో ఉంది.

మా వాచ్‌మన్ భార్యది పాలమూరు. ఈ అపార్ట్‌మెంట్‌లోనే నాలుగిళ్ళలో పనిచేస్తుంది. నెలకోసారి వచ్చి, "సారూ, జర నా ఫోన్ల పైసలెయ్యున్రి, ఇగో పట్టున్రి" అని నోట్లు నా చేతిలో పెట్టి రీచార్జి చేయించుకుంటుంది. అప్పట్లో 239 రూపాయల ప్యాక్. మొన్న ఆ రసీదు తెరిచి చూశాను. ప్యాక్ అసలు ధర 202 రూపాయల చిల్లర, 18 శాతం జీఎస్టీ 36 రూపాయల చిల్లర. అదే ప్యాక్ నేను వేసుకున్నా అదే 36. నా జీతంలో అది కనపడదు. ఆమె ఇంట్లో అది ఒక పూట కూర.

ఆమె కొనే సబ్బు మీద, తలకు రాసుకునే నూనె మీద, పిల్లల బిస్కెట్ల మీద అప్పట్లో 18 శాతం. గ్యాస్ బండ మీద, చాయ్‌పత్త మీద, మంచినూనె మీద 5 శాతం. బియ్యాన్ని కూడా వదల్లేదు. 2022 జులై 18 నుంచి 25 కిలోలు, అంతకు లోపు ప్యాక్ చేసి లేబుల్ వేసిన బియ్యం మీద 5 శాతం వేశారు. ఆ తర్వాతే మన కిరాణా కొట్లలో 26 కిలోల బస్తా ప్రత్యక్షమైంది. ఆ ఒక్క కిలో ఎందుకు పెరిగిందో షాపతన్ని అడిగితే నవ్వుతూ చెబుతాడు. ఇక వాచ్‌మన్ తన టీవీఎస్ ఎక్సెల్‌లో పోయించుకునే ప్రతి లీటరు పెట్రోలుకీ అప్పట్లో కేంద్రానికి 19 రూపాయల 90 పైసలు, దాని మీద మన తెలంగాణకు 35.2 శాతం వ్యాట్ కట్టేవాడు. సాయంత్రం పూట క్వార్టర్ సీసా మీద ఎంత కడుతున్నాడో నేను లెక్కేయలేదు. రాష్ట్ర ఖజానాకు మాత్రం ఆ లెక్క బాగా తెలుసు.

2024 ఫిబ్రవరిలో కేంద్రం పెట్టిన మధ్యంతర బడ్జెట్‌లో 'రూపాయి రాక' అని ఒక గుండ్రటి బొమ్మ ఉంది. అందులో ఆదాయపు పన్ను వాటా 19 పైసలు. జీఎస్టీ 18, ఎక్సైజు 5, కస్టమ్స్ 4, వెరసి 27 పైసలు. అంటే మేము కట్టేదానికన్నా అందరూ కలిసి కొట్లో, బంకులో కట్టేదే ఎక్కువ. ఇది కేంద్రం లెక్క ఒక్కటే. రాష్ట్రాలకు వచ్చే జీఎస్టీ, వ్యాట్, మద్యం పన్ను ఇందులో లేవు. తొంభై ఎనిమిది శాతం ఎవరి కష్టం మీద బతుకుతున్నారో మెసేజ్ రాసినాయన మళ్ళీ చూసుకోవాలి.

ఇంకో చిన్న లెక్క కూడా చెప్తాను, ఇది నాదే. ఇంటి లోను వడ్డీ కింద ఏటా రెండు లక్షలు ఆదాయంలోంచి తగ్గించి చూపించుకుంటాను. నా శ్లాబులో సెస్సుతో కలిపి నాకు మిగిలేది 62,400 రూపాయలు. వాచ్‌మన్ వాళ్ళమ్మకు ఊళ్ళో ఆసరా పింఛను నెలకు 2,016, ఏడాదికి 24,192. ఆమెది ఉచితం. నాది ఆదాయపు పన్ను చట్టం సెక్షన్ 24.

అసలు ఉచితం అనే మాటని మన రాజకీయాల్లో ఎవరికి తగిలిస్తారో చూడండి. 2022 జులైలో బుందేల్‌ఖండ్ ఎక్స్‌ప్రెస్‌వే ప్రారంభిస్తూ ప్రధాని 'రేవడీ సంస్కృతి' దేశానికి ప్రమాదం అన్నారు. రేవడీ అంటే నువ్వుల మిఠాయి, జాతరలో పంచిపెడతారే, అది. ఆయన పార్టీ బీజేపీయే ఏడాది తిరక్కుండా మధ్యప్రదేశ్‌లో లాడ్లీ బెహనా పేరిట ఆడవాళ్ళ ఖాతాల్లో నెలకు వెయ్యి వేసింది, తర్వాత 1,250 చేసింది. 81 కోట్ల మందికి ఐదు కిలోల ఉచిత బియ్యం, గోధుమలు ఇంకో ఐదేళ్ళు పొడిగించింది. నేను ఆ బియ్యాన్ని తప్పుపట్టను. ఆకలేసే వాడికి అన్నం పెట్టడం ప్రభుత్వం పని. వాళ్ళు పంచితే గ్యారంటీ, ఎదుటివాళ్ళు పంచితే రేవడీ అనడమే నాకు మింగుడుపడదు. కాంగ్రెస్ కూడా తక్కువేం తినలేదు. పేదింటి మహిళకు ఏటా లక్ష అని న్యాయపత్రం పేరుతో వేసిన 2024 మేనిఫెస్టోలో పెట్టింది. డబ్బెక్కణ్ణుంచి తెస్తారని అడిగితే సూటిగా జవాబు లేదు.

పైవాళ్ళకిచ్చే వాటికి మాత్రం ఈ పేరు రాదు. 2019 సెప్టెంబరు 20న కార్పొరేట్ పన్నును 30 నుంచి 22 శాతానికి, కొత్త తయారీ కంపెనీలకు 15 శాతానికి దించారు. దానివల్ల ఏటా 1.45 లక్షల కోట్ల ఆదాయం పోతుందని ఆర్థికమంత్రే ఆ రోజు చెప్పారు. దాని పేరు సంస్కరణ. 2014-15 నుంచి తొమ్మిదేళ్ళలో బ్యాంకులు 14.56 లక్షల కోట్ల మొండి బాకీలను రైటాఫ్ చేశాయి, అంటే తమ ఖాతా పుస్తకాల్లోంచి కొట్టేశాయి. అందులో 7.40 లక్షల కోట్లు భారీ పరిశ్రమలు, సేవా సంస్థలవి. బ్యాంకులో పనిచేసే మిత్రులు వెంటనే సరిచేస్తారు, రైటాఫ్ అంటే మాఫీ కాదు, వసూలు ప్రయత్నం కొనసాగుతుంది అని. నిజమే, ఒప్పుకుంటాను. ఆ 14.56 లక్షల కోట్లలో వసూలైంది 2.04 లక్షల కోట్లు. డ్వాక్రా మహిళ వాయిదా కట్టకపోతే గ్రూపు మొత్తం ఆమె గుమ్మం ముందు కూర్చుంటుంది. పెద్దవాళ్ళ గుమ్మం ముందు అంత వసూలు ప్రయత్నం నేనెక్కడా చూడలేదు.

సోమరితనం దగ్గరికొద్దాం. ఇది మా బావకు ఇష్టమైన పాయింటు. యాసంగి నాట్లకు ఊళ్ళో మనిషి దొరకలేదని, బీహార్ నుంచి వచ్చిన గుంపుకి ఎకరానికింత అని గుత్తకిచ్చానని ఫోన్లో గంటసేపు బాధపడ్డాడు. "ఉపాధి హామీ పెట్టి చెడగొట్టిన్రు బామ్మర్దీ, చెట్ల కింద కూసొని పైసలు తీసుకుంటున్రు" అన్నాడు. ఉపాధి హామీ 2006 ఫిబ్రవరిలో మన అనంతపురం జిల్లా బండ్లపల్లిలోనే మొదలైంది. ఈ మాట కూడా దాదాపు అప్పుడే పుట్టింది. లెక్క చూద్దాం. 2024 ఏప్రిల్ నుంచి రోజు కూలి 300. అప్పట్లో ఏడాదికి వంద రోజులు, అదీ మనిషికి కాదు, కుటుంబానికి. వందా దొరికితే 30,000, అంటే నెలకు ఇంటికి 2,500. దేశం మొత్తం సగటు చూస్తే దొరికింది 50 రోజుల దగ్గరే. పైగా ఎండాకాలం మట్టిపని. దీంతో కాలు మీద కాలేసుకుని బతికే కుటుంబం ఉంటే నాకు చూపించమని బావను అడిగాను.

మరి కూలీలు ఏమయ్యారు? బావ పొలానికి దొరకని మనిషి మా అపార్ట్‌మెంట్ గేటు దగ్గర ప్లాస్టిక్ కుర్చీలో పన్నెండు గంటల డ్యూటీ చేస్తున్నాడు. ఇంకొకడు అపార్ట్‌మెంట్లకు సెంట్రింగ్ కొడుతున్నాడు, మరొకడు బైక్ మీద బిర్యానీ పొట్లాలు మోస్తున్నాడు. నాట్లేసే రోజులు ఏడాదికి ఇరవయ్యో ముప్పయ్యో, తినాల్సిన రోజులు 365. బావ కొడుకులిద్దరూ హైటెక్ సిటీలో ఉద్యోగాలు చేసుకుంటున్నారు. పొలానికి రావట్లేదని వాళ్ళనెవరూ సోమరులనలేదు.

అభిజిత్ బెనర్జీ, మరి కొందరు ఆర్థికవేత్తలు ఆరు దేశాల్లో ఏడు నగదు బదిలీ పథకాలను పరిశీలించారు. డబ్బు అందినవాళ్ళు పని మానేశారనడానికి ఆధారం దొరకలేదని తేల్చారు. నా కళ్ళముందున్నది ఇంకా చిన్న ఆధారం. 2023 డిసెంబరు 9న ఆర్టీసీలో ఆడవాళ్ళకు ఉచిత ప్రయాణం వచ్చాక మా వాచ్‌మన్ భార్య కూకట్‌పల్లిలో ఇంకో రెండిళ్ళు పట్టుకుంది. ఇదివరకు రానూపోనూ బస్సు చార్జీలు పోతే గిట్టుబాటు కాదని వదిలేసిందట. ఉచితం వల్ల ఆమె పని రెండిళ్ళు పెరిగింది.

శ్రీలంక విషయంలో మెసేజ్ కథను తలకిందులు చేసింది. అక్కడ ఉచిత విద్య 1940ల నుంచి ఉంది, ఉచిత వైద్యమూ అంత పాతదే. డెబ్బై ఏళ్ళు వాటితో మునగని దేశం 2022 ఏప్రిల్‌లో అప్పు తీర్చలేనని చేతులెత్తేసింది. మధ్యలో జరిగిందేమిటంటే, 2019 చివర్లో గొటబాయ రాజపక్స గద్దెనెక్కగానే పన్నులు కోసేశారు. వ్యాట్ 15 నుంచి 8 శాతానికి దిగింది. అదే ఏడాది ఈస్టర్ బాంబు పేలుళ్ళు, తర్వాత కోవిడ్, పర్యాటకం కుదేలు. 2021లో రసాయన ఎరువుల దిగుమతిని రాత్రికి రాత్రి నిషేధిస్తే పంట పడిపోయింది. అప్పులేమో డాలర్లలో ఉన్నాయి. కాబట్టి శ్రీలంక నుంచి పాఠం నేర్చుకోవాలంటే పన్నుల కోత గురించి నేర్చుకోవాలి. ఆ పాఠం ఈ మెసేజ్ పంపేవాళ్ళకు నచ్చదు. పక్క రాష్ట్రంలో పథకాలతో ఆంధ్ర శ్రీలంక అవుతుందని 2022లో గొంతు చించుకున్నవాళ్ళు, 2024లో సూపర్ సిక్స్ హామీలతో, నాలుగు వేల పింఛనుతో ఓట్లడిగారు. శ్రీలంక ఎటుపోయిందో.

అయితే పథకాలన్నీ పవిత్రమని నేననను. రైతుబంధునే తీసుకోండి. ఎకరానికి ఏటా పదివేలు ఇచ్చేవారు, పరిమితి ఉండేది కాదు. యాభై ఎకరాల ఆసామికి ఐదు లక్షలు పడ్డాయి. హైదరాబాద్‌లో ఫ్లాట్లు కొనుక్కుని ఊళ్ళో భూమి కౌలుకిచ్చినవాడికి పడ్డాయి. ఆ భూమిని నిజంగా దున్నిన కౌలురైతుకు పైసా రాలేదు. ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిల వల్ల సర్టిఫికెట్లు కాలేజీలో ఇరుక్కుపోయిన పిల్లలు మా బంధువుల్లోనే ఉన్నారు. బడికి, ఆసుపత్రికి పెట్టాల్సిన డబ్బు ఎన్నికల ముందు ఖాతాల్లోకి మళ్ళుతుంటే నాకూ కోపమొస్తుంది. కానీ మా గ్రూపుల్లో రైతుబంధు మీద ఒక్క ఫార్వర్డూ రాలేదు. అందులో సగం మందికి అది పడింది మరి.

ఇక చివరిది, పన్ను కట్టేవాళ్ళకే ఓటు. ఇది కొత్త ఆలోచనేం కాదు, తెల్లవాడిది. 1935 భారత ప్రభుత్వ చట్టం కింద శిస్తు, పన్ను, చదువు ఉన్నవాళ్ళకే ఓటు ఇచ్చారు. 1937 ఎన్నికల్లో దేశం మొత్తమ్మీద ఓటున్నవాళ్ళు మూడు కోట్ల పైచిలుకే. మా నల్లగొండ నిజాం కింద ఉండేది కాబట్టి ఆ మాత్రం కూడా లేదు, వెట్టిచాకిరీ ఉండేది. అదే జిల్లా జనం 1952లో మొట్టమొదటిసారి ఓటేసి, కమ్యూనిస్టుల పీపుల్స్ డెమొక్రటిక్ ఫ్రంట్ (పీడీఎఫ్) నుంచి నిలబడ్డ రావి నారాయణరెడ్డిని నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లతో పార్లమెంటుకు పంపారు. నెహ్రూదీ ఈయనదీ కూడా ఇద్దరు సభ్యుల నియోజకవర్గాలే కాబట్టి ఓట్ల సంఖ్యలు పెద్దవయ్యాయి, ఆ మాటా చెప్పాలి. కానీ వేసిన చేతులు ఎవరివి? ఐదారేళ్ళ కిందటి దాకా దొర గడీలో వెట్టి చేసిన చేతులు. ఈ మెసేజ్ ప్రకారమైతే ఆ రోజు నల్లగొండలో ఓట్లేసేది గడీలోవాళ్ళే.

ఇదంతా మా తమ్ముడికి ఫోన్లో చెప్పాను. వాడు పన్నెండేళ్ళుగా హెచ్1బీ మీద డాలస్‌లో ఉన్నాడు, గ్రీన్ కార్డు క్యూ కదల్లేదు. ఫెడరల్ టాక్స్, సోషల్ సెక్యూరిటీ, ఇంటి మీద ప్రాపర్టీ టాక్స్ అన్నీ కడతాడు. అక్కడ ఓటు లేదు. ఇక్కడ ఆదాయం లేదు, పన్నూ లేదు. కానీ ప్రవాస భారతీయులకు ఓటిచ్చిన 2010 చట్ట సవరణ పుణ్యమా అని, వచ్చి లైన్లో నిలబడితే ఊళ్ళో ఓటుంది. వాడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అన్నా, మే 13కి టికెట్లు బాగా పెరిగినయి, ఈసారికి రాలేను" అన్నాడు.